పుల్ల లేని తారాజువ్వ

తారాజువ్వకు కట్టిన పుల్లను విరిచేసి వెలిగిస్తే ఏమవుతుందో చూడాలన్న కోరిక నాకు పన్నెండో ఏట పుట్టింది. 1979 దీపావళి రాత్రి, ఇప్పటి ఇందుకూరుపేట మండలంలో మైపాడు వైపు ఉన్న మా ఊళ్లో ఆ కోరిక తీర్చుకున్నాను. మిగతా పిల్లలు జువ్వలను సీసాలో నిలబెట్టి వెలిగిస్తుంటే, నేను ఒకదాని పుల్ల విరిచి, ఒట్టి కాగితపు గొట్టాన్ని రెండు ఇటుకల మధ్య నిలబెట్టి వత్తికి నిప్పంటించాను. అది రెండు బారల ఎత్తు లేచి అక్కడే తలకిందులయింది. నేల మీదికి వచ్చి పాములా మెలికలు తిరిగి, గోడ మీదుగా పక్కింటివారి దొడ్లోకి దూకి గడ్డివామిలో దూరింది. వీధిలో వాళ్లంతా బిందెలతో నీళ్లు పోసి మంట పక్క వామికి పాకకుండా ఆపగలిగారు గానీ, ఏడాది పొడుగునా వాళ్ల గొడ్లకు రావలసిన మేత సగానికి పైగా బూడిదయింది.

మరునాడు పొద్దున్నే నాన్న మా వామిలో నుంచి రెండు బండ్ల గడ్డి వాళ్ల దొడ్డికి తోలించారు. నన్ను కొట్టలేదు. "నిప్పుతో నీకు పొత్తు వద్దురా" అని ఒక్క మాట అన్నారు. ఆ మాటను నేను ఈనాటికీ దాటలేదు. కానీ ఆ జువ్వ ఎందుకు తలకిందులయిందన్న ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. తిరునాళ్లకు బాణసంచా కట్టే పెద్దాయన ఒకరు మా ఊరికి వస్తుండేవారు. ఆయన్ను అడిగితే, "పుల్ల ఊరికే కట్టామనుకున్నావా అబ్బయ్యా? జువ్వకి దోవ చూపించేది అదే. పుల్ల లేని జువ్వ కళ్లు లేని గుర్రం" అన్నారు. ఆయన చెప్పింది అక్షరాలా నిజమని తెలియడానికి నాకు మరో ఆరేడేళ్లు పట్టింది.

జువ్వ తల కాస్త పక్కకు వాలిందనుకుందాం. ఎదురుగా వచ్చే గాలి దాని పక్కభాగం మీద ఒత్తిడి చేస్తుంది. ఆ ఒత్తిడంతా కలిసి పనిచేసే బిందువు జువ్వ గురుత్వ కేంద్రానికి వెనకాల ఉంటే, గాలి తోకను నెట్టి తలను మళ్లీ దారిలో పెడుతుంది. ముందు ఉంటే తలనే నెట్టి ఇంకా వాల్చేస్తుంది. వెనక వేలాడే పొడవైన పుల్ల ఆ బిందువును వెనక్కి లాగుతుంది. రాకెట్లకు తోక దగ్గర అమర్చే రెక్కలు చేసేదీ అదే పని. నేను పుల్ల విరిచిన క్షణాన ఆ బిందువు ముందుకు జరిగింది, ఆ తరువాత జరిగినదంతా గాలి పని.

పుల్లా రెక్కా లేకుండా ఒక వస్తువును గాలిలో నిటారుగా నిలిపే మార్గం మరొకటి ఉంది. దాన్ని మనం చిన్నప్పటి నుంచీ చేతిలో ఆడించాం. బొంగరం తిరుగుతున్నంతసేపు మేకు మీద నిలుస్తుంది, తిరగడం తగ్గితే తూలుతుంది. దీపావళికి మనం కాల్చే భూచక్రంలో మంట పక్కకు చిమ్మడం వల్ల చక్రం తిరుగుతుంది, తారాజువ్వలో మంట కిందికి చిమ్మడం వల్ల గొట్టం లేస్తుంది. మంటను నేరుగా కిందికీ కాక, పూర్తిగా పక్కకూ కాక, కొంచెం ఏటవాలుగా వదిలితే ఒకే మంట లేపుతుంది, తిప్పుతుంది. ఈ ఆలోచన నాకు పదిహేనో ఏట వచ్చినప్పుడు ఇది నేనే కనిపెట్టానని నమ్మాను. నాకంటే దాదాపు 140 ఏళ్లు ముందే ఒక ఇంగ్లీషువాడు దీనికి పేటెంటు తీసుకున్నాడని తరువాత తెలిసింది.

మా నెల్లూరు జిల్లాలో పుట్టిన పిల్లవాడికి రాకెట్ల పిచ్చి పట్టడం వింత కాదు. 1971 అక్టోబరు 9న శ్రీహరికోట నుంచి తొలి రోహిణి రాకెట్టు లేచింది. నేను జువ్వ పుల్ల విరిచిన ఏడాదే, ఆగస్టు 10న, ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టడానికి మన దేశం చేసిన తొలి రాకెట్టు ఎస్ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం జరిగింది. రెండో దశలో నియంత్రణ వ్యవస్థ దెబ్బతిని, 317 సెకన్లకు ఆ రాకెట్టు బంగాళాఖాతంలో పడిపోయింది. ఊళ్లో పెద్దలు దాన్ని గురించి మాట్లాడుకుంటుంటే నాకు నా జువ్వే గుర్తుకు వచ్చేది. 22 మీటర్ల పొడవు, 17 టన్నుల బరువు ఉన్న రాకెట్టుకైనా దోవ చూపించేది లేకపోతే అదే గతి అన్న సంగతి ఆ వయసులోనే మనసులో నాటుకుంది. మరుసటి సంవత్సరం, 1980 జూలై 18 ఉదయం, అదే రకం రాకెట్టు 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ వార్త రేడియోలో వచ్చినప్పుడు మా నాన్న నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఏమీ అనలేదు. గడ్డివామి సంగతి ఆయన ఆ రోజుతో మరిచిపోయారని నేను అనుకున్నాను.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు సూళ్లూరుపేట, శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. పరిపాలనకు ఏది అనువో నాకు తెలియదు గానీ, రాకెట్టు పొగచార మాత్రం ఇప్పటికీ మైపాడు తీరం నుంచి దక్షిణాన కనిపిస్తూనే ఉంది.

ఇక నా జువ్వ ప్రశ్నను మళ్లీ రేపిన ఒక రాకెట్టు తూటా సంగతికి వస్తాను. 1984లో నేను ఐటీఐలో టర్నర్ ట్రేడ్, అంటే లేత్ యంత్రం మీద లోహాన్ని తిప్పి చెక్కే పని, చదువుతున్నాను. సెలవు దొరికితే రైలెక్కి మద్రాసు సెంట్రల్ పక్కనున్న మూర్ మార్కెట్‌కు వెళ్లి పాత పుస్తకాలు వెతికేవాడిని. మరుసటి ఏడాది మే నెలలో ఆ మార్కెట్టు అగ్నికి ఆహుతైపోయింది, ఆ దుకాణాల వరుసలను తలుచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. అక్కడ రెండు రూపాయలకు కొన్న ఒక పాత అమెరికన్ పత్రికలో అట్ట చిరిగిన పేజీల మధ్య లోపలి భాగాలు కనిపించేలా కోసి చూపిన బొమ్మ ఒకటి కనిపించింది. వేలంత పొడవున్న తూటా, దాని అడుగున నాలుగు చిన్న రంధ్రాలు, నాలుగూ ఒకే వైపుకు ఏటవాలుగా ఉన్నాయి. నా భూచక్రమూ నా తారాజువ్వా కలిసి ఒక చిన్న లోహపు గొట్టంలో ఒదిగి ఉన్నాయి. నిఘంటువు పక్కన పెట్టుకుని ఆ వ్యాసాన్ని ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు.

దాని పేరు గైరోజెట్. 1960లలో కాలిఫోర్నియాలో రాబర్ట్ మెయిన్‌హార్ట్, ఆర్థర్ బీల్ అనే ఇద్దరు తమ పేర్ల తొలి అక్షరాలతో ఎంబీ అసోసియేట్స్ అనే సంస్థ పెట్టి దాన్ని రూపొందించారు. మామూలు తూటాలో ఇత్తడి గుల్ల, దానిలో మందు, మూతి దగ్గర సీసపు గుండు ఉంటాయి. మందు తుపాకి గొట్టంలోనే మండి, ఆ ఒత్తిడితో గుండు దూసుకుపోతుంది, గుల్ల వెనక మిగులుతుంది. ఆ ఒత్తిడినంతా గొట్టమే తట్టుకోవాలి గనుక తుపాకి బరువుగా ఉండక తప్పదు, పేలినప్పుడు చేతిని వెనక్కి తన్నక తప్పదు. గైరోజెట్‌లో గుల్లా గుండూ ఒకటే. మందును కడుపులో పెట్టుకుని తూటా మొత్తం రాకెట్టులా బయటికి పోతుంది. గొట్టం దాన్ని తోయదు, దారి మాత్రం చూపిస్తుంది. అందువల్ల ఆ పిస్తోలు తేలికైన లోహపు రేకుపెట్టెలా ఉండేది, చేతిని తన్నేది కాదు, ఖాళీ గుల్లలను బయటికి విసరవలసిన అవసరమూ లేదు.

అందులో నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది దాని సుత్తి. మామూలు తుపాకిలో సూది వచ్చి తూటా వెనక పొడుస్తుంది. దీనిలో సూది వెనకాల కదలకుండా బిగించి ఉంటుంది. సుత్తి తూటా ముక్కు మీద కొట్టి, తూటానే వెనక్కి నెట్టి సూదికి గుచ్చుతుంది. తూటా రగులుకుని ముందుకు కదిలేటప్పుడు దారికి అడ్డంగా ఉన్న సుత్తిని తానే నొక్కుకుంటూ పోతుంది, ఆ నొక్కుడుతో సుత్తి మళ్లీ ఎక్కుపెట్టుకుంటుంది. లేత్ దగ్గర నిలబడి పని నేర్చుకుంటున్న కుర్రవాడికి ఇంత తక్కువ భాగాలతో ఇంత పని జరగడం అద్భుతంగా తోచింది. యంత్రరచనగా అది గొప్పదేనని ఇప్పటికీ నా నమ్మకం.

కానీ ఆ తూటా నిలవలేదు. 13 మిల్లీమీటర్ల ఆ తూటా గొట్టం మూతి దాటేటప్పుడు చాలా నెమ్మదిగా ఉండేది. మందు సుమారు పదో వంతు సెకను పాటు మండుతూ ఉంటే క్రమంగా వేగం పుంజుకుని, 18 మీటర్లు పోయేసరికి సెకనుకు సుమారు 380 మీటర్ల వేగాన్ని అందుకునేది. మామూలు తుపాకి గుండుకు గొట్టం మూతి దగ్గరే గరిష్ఠ వేగం ఉంటుంది, ఆ తరువాత తగ్గడమే. అంటే ఈ తూటా తీరు దానికి పూర్తిగా తలకిందులు. దగ్గరి గురి మీద దానికి బలం లేదు. దూరపు గురి మీదికి తిన్నగా పోదు. వియత్నాం యుద్ధకాలంలో కొందరు సైనికులు దాన్ని పరీక్షించి చూశారు గానీ సైన్యం తీసుకోలేదు. తూటా ధర ఎక్కువ. పైగా 1968లో అమెరికాలో వచ్చిన తుపాకుల చట్టం అర అంగుళానికి మించిన తూటాలను కఠిన నిబంధనల కిందికి తెచ్చింది. 13 మిల్లీమీటర్లంటే అర అంగుళం మీద వెంట్రుకవాసి ఎక్కువ. 12 మిల్లీమీటర్లకు తగ్గించి చేశారు, అదీ అమ్ముడుపోలేదు.

ధర, చట్టం పైకి కనిపించే కారణాలు. అసలు దోషం ఆ నాలుగు రంధ్రాల దగ్గర ఉందని నేను 40 ఏళ్లుగా అనుకుంటున్నాను, గత రెండేళ్లలో నా చేతులతో చూశాను. రైఫిల్ గొట్టం లోపలి మరతిప్పుడు గాడులు గుండును గొట్టంలోనే పూర్తిగా తిప్పి బయటికి పంపుతాయి. 7.62 మిల్లీమీటర్ల రైఫిల్ గుండు బయటికి వచ్చేటప్పటికే సెకనుకు సుమారు 2,700 చుట్లు తిరుగుతూ ఉంటుంది. తూలడానికి దానికి వ్యవధి ఉండదు. గైరోజెట్ తూటాను తిప్పేది గొట్టం కాదు, దాని మంటే. మంట అప్పుడే మొదలయింది గనుక మూతి దాటే వేళకు వేగమూ తక్కువ, తిరుగుడూ తక్కువ. బొంగరాన్ని తాడు సగం చుట్టి విసిరినట్టన్నమాట. సరిగ్గా ఆ బలహీనమైన క్షణంలో నాలుగు రంధ్రాలలో ఒకటి మిగతా మూడింటి కంటే ఇసుమంత పెద్దదైనా, దాని అంచు గరుకుగా ఉన్నా, అటువైపు తోపుడు ఎక్కువై తూటా తల తిరుగుతుంది. తల ఎటు తిరిగితే మంట అటే తోస్తుంది. ఏ తూటా ఎటు పోతుందో ముందుగా చెప్పలేని స్థితి అక్కడి నుంచే వచ్చింది.

తిరుగుడుకూ దారికీ ఉన్న ఈ సంబంధాన్ని మొదట గట్టిగా పరీక్షించి చూపినవాడు బెంజమిన్ రాబిన్స్ అనే ఇంగ్లీషు గణితవేత్త. 1742లో తుపాకి శాస్త్రం మీద పుస్తకం రాసి, వేలాడే లోలకం మీదికి గుండును కాల్చి, అది ఊగిన తీరును బట్టి గుండు వేగాన్ని కొలిచే పద్ధతి చెప్పాడు. నునుపు గొట్టం తుపాకి గుండు ఎందుకు పక్కకు పోతుందని ఆయన వేసుకున్న ప్రశ్న నా జువ్వ ప్రశ్నకు పెద్దన్న వంటిది. ఆయన ఒక తుపాకి గొట్టం కొసను కావాలని ఎడమ వైపుకు వంచాడు. ఎదురుగా కొంత దూరంలో ఒకదాని వెనక ఒకటి పలుచని కాగితపు తెరలు నిలబెట్టి కాల్చాడు. గుండు మొదటి తెరను ఎడమ వైపున చీల్చింది, ఆ తరువాత వంపు తిరిగి కుడి వైపుకు పోయింది. వంగిన గొట్టం గోడకు రాసుకుంటూ వచ్చిన గుండు ఒక వైపుకు దొర్లుతూ బయటపడిందనీ, ఆ దొర్లుడు వల్ల గాలి దాన్ని పక్కకు నెట్టిందనీ ఆయన తేల్చాడు. మనం కోరని తిరుగుడు దారి తప్పిస్తుంది, మనం ఇచ్చిన తిరుగుడు దారిలో నిలుపుతుంది. మరగొట్టాలున్న తుపాకులను ఏ దేశం ముందుగా బాగుచేసుకుంటే ఆ దేశానిదే పైచేయి అవుతుందని ఆయన గట్టిగా వాదించాడు. తారాజువ్వలు ఎంత ఎత్తు పోతాయో కూడా కొలిచి రాశాడు. తుపాకినీ జువ్వనూ ఒకే చూపుతో చూసిన ఆ మనిషి, ఈస్టిండియా కంపెనీ కోటలను బాగుచేయడానికి వచ్చి, 1751 జూలైలో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో జ్వరంతో కన్నుమూశాడు. మన కోరమండల్ తీరంలోనే, మా ఊరికి ఒక పగటి ప్రయాణం దూరంలో ఆయన కాలం చేశాడని తెలిసినప్పుడు దగ్గరి బంధువు కబురు విన్నట్టు అనిపించింది.

ఆ తరువాత కథ మైసూరు గుండా పోయింది. హైదర్ అలీ, టిప్పు సుల్తాన్ సేనల జువ్వలకు కాగితపు గొట్టాల బదులు ఇనుప గొట్టాలు ఉండేవి. ఇనుము ఎక్కువ ఒత్తిడిని ఓర్చుకుంటుంది గనుక మందు బలంగా మండి జువ్వ దూరం పోయేది. 1780 సెప్టెంబరులో కాంచీపురం దగ్గర పొల్లిలూరు యుద్ధంలో కంపెనీ సేన మందుగుండు బండ్లు ఆ జువ్వల వల్లే పేలాయని చెబుతారు. 2018లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా నగర దగ్గర ఒక పాడుబడిన బావిలో అటువంటి ఇనుప జువ్వలు వెయ్యికి పైగా దొరికాయి. వాటి ఫోటోలు చూసినప్పుడు నా కళ్లు వాటి మూతి రంధ్రాన్నే వెతికాయి. వాటికీ దోవ చూపించింది పొడవైన వెదురు గడే, కొన్నింటికి కత్తి అలుగు. విలియం కాంగ్రీవ్ వాటిని చూసి ఇంగ్లండులో తన రాకెట్లు చేసినప్పుడు కూడా ఆ గడను వదిలించుకోలేకపోయాడు. వదిలించినవాడు విలియం హేల్. 1844లో ఆయన తీసుకున్న పేటెంటు మంటను ఏటవాలుగా వదిలి రాకెట్టును తిప్పడం గురించి. పదిహేనో ఏట నేను కనిపెట్టాననుకున్నది అదే. ఆ రాకెట్లను మరుసటి దశాబ్దం రాకముందే, మెక్సికోతో జరిగిన యుద్ధంలో అమెరికా సేన వాడింది.

గొట్టంలో నుంచి రాకెట్టు వదలడం కూడా గైరోజెట్‌తో మొదలు కాలేదు. ద్రవ ఇంధన రాకెట్టును 1926లో తొలిసారి ఎగరేసిన రాబర్ట్ గొడార్డ్, దానికి ఎనిమిదేళ్ల ముందు, 1918 నవంబరులో, సైనికాధికారుల ఎదుట చేతి గొట్టంతో చిన్న రాకెట్లు వదిలి చూపించాడు. గొట్టాన్ని ఆనించడానికి ఆయన వాడింది సంగీత కళాకారులు స్వరాల కాగితాలు పెట్టుకునే స్టాండు. కొద్ది రోజులకే మొదటి ప్రపంచ యుద్ధం ఆగిపోయింది, ఆ పని అటకెక్కింది.

మూర్ మార్కెట్ పత్రిక చదివిన కొత్తలో, రాకెట్టు తూటాను బాగుచేయగలనన్న నమ్మకంతో నేను డ్రాయింగు షీటు మీద పూర్తి కొలతలతో ఒక తూటా గీశాను. నాలుగు రంధ్రాల బదులు ఆరు పెట్టాను. లేత్ మీద దాని గుల్ల తిప్పడం నాకు ఒక పూట పని. ఆ షీటు మా బోధకుడి కంటపడింది. ఆయన దాన్ని చించలేదు, నన్ను తిట్టలేదు. ఎదురుగా కూర్చోబెట్టి 1959 ఆయుధాల చట్టం అంటే ఏమిటో, లైసెన్సు లేకుండా తూటా చేయడం ఎంత నేరమో చెప్పారు. 1884 పేలుడు పదార్థాల చట్టం గురించి చెప్పారు. ఆ తరువాత, "నీకు కావలసింది తూటానా, తూటా తిన్నగా పోవడమా? తిన్నగా పోవడమే అయితే దానికి మందు ఎందుకురా, నీళ్లు చాలవా?" అని అడిగారు. నాన్న అన్న మాటా, ఈయన అడిగిన మాటా ఒకటే అయ్యాయి. నేను ఇంతవరకు ఒక్క తూటా కూడా తయారు చేయలేదు, చేయను. కానీ ఆ డ్రాయింగు షీటు నా దగ్గర ఇంకా ఉంది. నా ప్రయోగాలన్నీ ఆ షీటుకు నీళ్లతో రాసిన జవాబులే.

నీటి రాకెట్టు చూడనివారి కోసం చెబుతాను. ప్లాస్టిక్ కూల్‌డ్రింక్ సీసాలో మూడో వంతు నీళ్లు పోసి, బోర్లించి, సైకిల్ పంపుతో గాలి కొట్టి వదిలితే, బిగుసుకున్న గాలి నీటిని కిందికి తోస్తుంది, ఆ తోపుడుకు సీసా పైకి లేస్తుంది. నాలుగు వాతావరణాల ఒత్తిడి దగ్గర నీరు సెకనుకు సుమారు 28 మీటర్ల వేగంతో బయటికి వస్తుంది. నేను ఆ ఒత్తిడి దాటను. గీత పడిన సీసాను, ఎండకు పెళుసెక్కిన సీసాను వాడను. దాని మీదికి ఎప్పుడూ వంగను. ఐటీఐలో ఉద్యోగం వచ్చిన తరువాత చుట్టుపక్కల ఊళ్ల బడుల్లో పిల్లలతో ఇలాంటివి ఎన్ని ఎగరేశానో చెప్పలేను. రెక్కలున్న సీసా ఎలాగూ తిన్నగా పోతుంది, దానిలో నేను కొత్తగా తెలుసుకునేది ఏమీ లేకపోయింది. పదవీ విరమణ తరువాతనే రెక్కలు తీసేసి, పుల్ల లేని జువ్వ దగ్గరికి తిరిగి వెళ్లగలిగాను.

ఒక లీటరు సీసా సుమారు 30 సెంటీమీటర్ల పొడవు, 8 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉంటుంది. అంటే పొడవు అడ్డుకొలతకు నాలుగు రెట్లకు లోపే. తిరుగుడుతో నిలిపే వస్తువు పొట్టిగా ఉండాలి, సన్నగా పొడవుగా ఉన్నదాన్ని తిప్పి నిలపడం చాలా కష్టం. అందుకే ఈ సీసాను ఎంచుకున్నాను. నైలాన్ కడ్డీని లేత్ మీద తిప్పి మూత చేశాను. మూత అడుగున నాలుగున్నర మిల్లీమీటర్ల రంధ్రాలు నాలుగు, ఒక్కొక్కటి 15 డిగ్రీల ఏటవాలుతో వేశాను. 15 డిగ్రీలు వాలిస్తే పైకి లేపే బలంలో నష్టపోయేది నూటికి మూడున్నర పాళ్లే, పక్కకు తిప్పే బలం మాత్రం నూటికి ఇరవై ఆరు పాళ్లు వస్తుంది. ఈ బేరం ఎంత లాభసాటిదో చూసినప్పుడల్లా నాకు హేల్ మీద గౌరవం పెరుగుతుంది. నాలుగు రంధ్రాలనూ ఒకేసారి మూసి ఉంచే రబ్బరు వాషరు, దాన్ని వదిలించడానికి సైకిల్ బ్రేకు తీగతో లాగే కొక్కెం చేసుకున్నాను. నీళ్లు కారకుండా ఆ వాషరును కుదర్చడానికి రెండు నెలలు పట్టింది.

మొదటి మూతకు రంధ్రాలు చేతి డ్రిల్లుతో వేశాను. మైపాడు తీరంలో తెల్లవారుజామున, గాలి లేవకముందు, వదిలాను. సీసా తిరిగింది, ఆ తిరుగుడులోనే తల గిన్నె అంచు గీసినట్టు చుట్లు కొడుతూ, నలభై అడుగులైనా లేవకుండా నీళ్ల మీద పడింది. వల విసిరే మత్స్యకారుడు ఒకరు ఆగి చూస్తున్నారు. ఆయన చేతిలో విసురువల ఉంది. "తిప్పు సమంగా లేదు సారూ. వల కూడా అంతే, చేతిలో తిప్పు ఒక పక్కకి లాగిందంటే గుండ్రంగా విచ్చుకోదు, ముద్దగా పడుద్ది" అన్నారు. గైరోజెట్ గురించి నేను చదివిన వ్యాసంలో రెండు పేజీల్లో చెప్పిన సంగతి ఇది.

ఇంటికి వచ్చి ఆ మూతను కొళాయికి బిగించి తిప్పాను. నాలుగు ధారలు మెలితిరిగి కిందికి దిగాయి. కింద పళ్లెంలో ఆరబోసిన ఇసుక మీద నాలుగు గుంటలు పడ్డాయి. మూడు గుంటలు ఒకే వలయం మీద ఉన్నాయి, నాలుగోది వేలెడు లోపలికి ఉంది. భూతద్దం పెట్టి చూస్తే ఆ రంధ్రం లోపలి అంచున, డ్రిల్లు బయటపడిన చోట, వెంట్రుక మందం ఉన్న నైలాన్ పీచు ఒకటి ధారకు అడ్డంగా వంగి ఉంది. బ్లేడు కొసతో దాన్ని గీసి తీసేసి మళ్లీ కొళాయి తిప్పితే గుంట సగం దూరం వెనక్కి జరిగింది. మిగతా సగం డ్రిల్లు పట్టు తప్పిన డిగ్రీ తేడా వల్ల. ఆ పీచును నేను ఒక కాగితంలో మడిచి దాచుకున్నాను.

రెండో మూతకు జిగ్, అంటే డ్రిల్లు పక్కకు పోకుండా పట్టి ఉంచే సాధనం, చేసుకున్నాను. ఉక్కు దిమ్మలో ఏటవాలు బుష్ బిగించి, మూతను సరిగ్గా 90 డిగ్రీల చొప్పున తిప్పి ఆపే పిన్ను పెట్టాను. రంధ్రం వేశాక రెండు వైపులా అంచులు నునుపు చేశాను. కొళాయి కింద నాలుగు గుంటలూ ఒకే వలయం మీద పడే వరకు ఆ మూతను ఎగరనివ్వలేదు. సీసాకు నిలువునా నల్లటి చార గీసి, సెకనుకు 240 చిత్రాలు తీసే ఫోనుతో వీడియో తీయించాను. చిత్రాలను ఒక్కొక్కటిగా కదిలిస్తే, నీరు అయిపోయే వేళకు నల్ల చార పదిహేను చిత్రాలకు ఒకసారి ముందుకు వస్తున్నది. అంటే సెకనుకు పదహారు చుట్లు. సీసా నీరంతా బయటికి చిమ్మడానికి పావు సెకనుకు అటూ ఇటూ పడుతుంది. మొదటి కొన్ని చిత్రాలలో చార దాదాపు కదలనే లేదు. తూలుడు మొదలయ్యేది ఆ చిత్రాలలోనే. గైరోజెట్ తూటా గొట్టం మూతి దగ్గర పడిన కష్టం నా ఫోను తెర మీద నెమ్మదిగా కదులుతుంటే నేను చాలాసేపు అక్కడి నుంచి లేవలేకపోయాను.

ఆ రెండో మూతతో పది సార్లు వదిలితే నాలుగు సార్లు కొబ్బరిచెట్టు తల దాటి నిటారుగా పోయింది, మిగతా ఆరు సార్లు ఏదో ఒక ఎత్తులో తల వాల్చింది. వదలక ముందే సీసాను కొంత తిప్పి వదిలితే మేలని లెక్క చెబుతోంది. అందుకోసం పాత కుట్టుమిషను చక్రానికి సైకిల్ బేరింగు జోడించి తిరిగే పీట ఒకటి చేశాను. పీట తిరుగుతుంటే వాషరు దగ్గర గాలి తప్పించుకుపోతోంది, అది ఇంకా కుదరలేదు. వాషరు పని నడుస్తుండగానే మూడో మూత ఇత్తడితో చేశాను. ఇది 1984 షీటు మీద గీసినట్టే ఆరు రంధ్రాలది. నిన్న సాయంత్రం కొళాయికి బిగించి చూశాను. ఇసుక మీద అయిదు గుంటలు వలయం మీద కుదురుగా కూర్చున్నాయి. ఆరోది బియ్యపు గింజంత బయటికి ఉంది. మూతను మళ్లీ జిగ్‌లోకి ఎక్కించాను.